సరిహద్దు ఇండ్లకు నేలమాళిగలు

శత్రువుల ఫిరంగిగుండ్లకు ఇంటికప్పు నిలువజాలదని ఎరిగియు, తాతముత్తాతల నాటి పొలమును పశువులను విడిచి పోజాలని గృహస్థుడు, తన వాకిటి నేలను తొలిచి అందు ఆలుబిడ్డలకు చోటు కల్పించుకొనుట పిరికితనము కాదు, వివేకము. జమ్మూ ప్రాంతమునందలి పూంచ్, రాజౌరీ, జమ్మూ, సాంబా, కఠువా జిల్లాల సరిహద్దు పల్లెలవారికి ఇట్టి వివేకము తప్పనిసరియైనది. వారికొరకు కేంద్రప్రభుత్వము 415 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో 14,460 బంకర్లను మంజూరు చేసినది. అందు 13,029 ఇంటి బంకర్లు, 1,431 ఊరుమ్మడి బంకర్లు; ఇంటి బంకరు ఎనమండుగురికి 160 చదరపుటడుగులు, ఊరుమ్మడిది నలుబదిమందికి 800 చదరపుటడుగులు. ఈ సంకల్పము సర్వథా ప్రశంసనీయము. కాని కట్టడముతోనే కర్తవ్యము ముగిసినదను భావము మన పాలనావ్యవస్థలో పాతుకొనియున్నది. దానిని పెకలింపనిదే ఈ బంకర్లు ప్రాణరక్షకములు కానేరవు.

ఇంటింటికిని బంకరు ఏల యని ప్రశ్నించువారు, కొండవాలులపై విడివిడిగా వెలసిన ఆ ఇండ్ల తీరును తలంపవలెను. మోర్టారు గుండు వచ్చి పడుటకు పట్టు కాలము కొలది క్షణములు. అంతలో నిద్రించు పసివానిని చంకనెత్తుకొని, నడుము వంగిన అత్తగారిని చేయిపట్టుకొని, ఏ తల్లియు చీకటిలో ఊరుమ్మడి బంకరు దాక పరుగెత్తజాలదు. రక్షణ గడప దాపుననే ఉండవలెను.

అయితే గోతిని త్రవ్వి కాంక్రీటు పోసినంతమాత్రమున అది సురక్షితము కాదు. 160 చదరపుటడుగుల కప్పుపై మూడడుగుల మందమున మన్ను పరచినచో దాని భారము 20 టన్నులకు మించును. వానకు తడిసినపుడు ఇంకను పెరుగును. ఆ బరువు నోర్వదగిన కప్పును ఇంజనీరు లెక్కగట్టి నిర్ణయింపవలెనే గాని మేస్త్రీ అంచనాకు విడువరాదు. ద్వారము సూటిగా లోనికి తెరచుకొనక మలుపు తిరిగియుండవలెను. అప్పుడే గుండు తునకలు లోనికి దూసుకొని రావు. ఆ దారి శిథిలములచే మూసుకొనిపోయినపుడు వెలువడుటకు మరియొక సన్నని మార్గము వేరొక దిక్కున ఉండవలెను. తలుపు బిగించిన గదిలో ఎనమండుగురు కూర్చున్నచో, ప్రాణవాయువు తరిగిపోవుటకు ముందే వారు విడిచిన బొగ్గుపులుసు వాయువు పేరుకొని తలనొప్పియు ఆయాసమును కలుగును. అందుచే ఒక గొట్టము నేలబారున మంచిగాలిని తెచ్చునట్లును, వేరొకటి కప్పు దాపున చెడుగాలిని వెడలించునట్లును అమర్చవలెను. లోపల బొగ్గుల కుంపటి గాని జనరేటరు గాని పెట్టుట మృత్యువును చేరదీయుటయే.

వీటన్నిటికంటె మొండి శత్రువు నీరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులో, అంతకుముందు వంగరాష్ట్ర గవర్నరుగా నుండిన సర్ జాన్ ఆండర్సన్ పేర వెలసిన ఉక్కురేకుల ఆశ్రయములను పెరటిలో నాలుగడుగుల లోతున పాతి, పైన మన్ను కప్పిరి. 1939 మొదలు లక్షలాది కుటుంబములకు పంచిన ఆ ఆశ్రయములు పెక్కు ప్రాణములను కాచినవి. కాని చలికాలమున లోన నీరూరగా, సైరను మ్రోగినను పలువురు దిగనొల్లక ఇంటనే పడియుండిరి. నేడు జమ్మూ పల్లెలలోను వాననీరు నిలిచి, దీపము లేక, అక్కరకు రాని బంకర్లు కలవు. అంతేగాక, 2025 మే 7వ తేదీన పూంచ్ పట్టణముపై గుండ్లు కురిసి పసివారితో సహా పదిమందికి పైగా పౌరులు మరణించినపుడు, బంకర్లు పల్లెలకే గాక పట్టణములకును అవసరమని దేశమునకు తెలిసివచ్చినది.

కట్టిన ఆశ్రయములను పట్టించుకొనని ఈ ఉపేక్ష తెలుగువారికి క్రొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొనిన పిదప, మన తీరమున తుపాను షెల్టర్లను నిర్మించిరి. నీటినుండి కాపాడవలసినవి గనుక అవి నేలలోనికి దిగక ఎత్తున నిలిచినవి. కాని ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి, పెచ్చులూడి, శిథిలమైనవి వానిలోను పెక్కు కలవు. ఆపద తొలగగానే ఆశ్రయమును మరచుట ఉభయత్ర సమానమైన దోషము.

స్విట్జర్లండు 1963 నాటి చట్టముచే ఆశ్రయ నిర్మాణమును విధించుటతో ఆగక, వానిని నియతకాలమున పరీక్షించు పద్ధతిని కూడ నెలకొల్పినది. మన దేశమున సయితము ఏటేట వానలకు ముందు ప్రతి బంకరును ఇంజనీరు, పంచాయతీ పెద్దలు కలిసి పరీక్షింపవలెను. నీరు తోడుటకు, గొట్టములు శుభ్రపరచుటకు, దీపములు మార్చుటకు ఆ గృహస్థునికే ప్రతివత్సరము కొంత పైకము చేర్చవలెను. నిర్మించిన బంకర్లెన్ని యను లెక్కతోబాటు, నేటిరాత్రి దిగదగినవి ఎన్ని యను లెక్కను కూడ ప్రభుత్వము ప్రజలకు ప్రకటింపవలెను. సరిహద్దున కాపురముండి దేశపు ఎల్లను నిలుపుచున్న ఆ కుటుంబములకు మనము బాకీపడినది ఇంతమాత్రమైనను తీర్చకుండుట తగదు.