కాగితమైనా, ట్యాబైనా జవాబు మీదే

మొన్న ఒక లంక గ్రామం నుంచి అరవై ఏళ్ల పెద్దావిడ మా ఆస్పత్రికి వచ్చారు. నోట్లో మంట, కారం ముట్టలేకపోతున్నానన్నారు. నా దగ్గరకు రాకముందే ఆమె వివరాలు ట్యాబులో ఎక్కించారు. "పొగ తాగే అలవాటు: లేదు" అని అందులో ఉంది. చూస్తే అంగిలి మీద తెల్లటి మచ్చలు, మధ్యలో చిన్న పుండు.

"చుట్ట అలవాటుందా అమ్మా?" అని అడిగాను.

"ఆయ్! అడ్డచుట్ట పెడతానండి. అది పొగ తాగడం కాదు కదండీ!" అన్నారు.

నిప్పున్న కొన నోట్లో పెట్టుకొని కాల్చే ఈ అలవాటు అంగిలి క్యాన్సరుకు దారితీయగలదు. ఆమె అబద్ధమాడలేదు. ప్రశ్న ఆమె భాషలో లేదు, అంతే.

ఇంతకూ ట్యాబు మంచిదా, కాగితం మంచిదా? రెండింటికీ గుణదోషాలున్నాయి. ట్యాబు ఏ ప్రశ్ననూ మరచిపోనివ్వదు. లెక్క తానే కట్టి, ప్రమాదం ఎవరికి ఎక్కువో అప్పటికప్పుడు చెప్పగలదు. కాగితం చినుగుతుంది, తడుస్తుంది. 2022 జూలై వరద చూసిన లంకవాసులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. కాని కాగితానికి అంచు ఉంటుంది. "అడ్డచుట్ట, నలభై ఏళ్లుగా" అని అక్కడ రాయవచ్చు. ట్యాబు చాలాసార్లు "అవును", "కాదు" తప్ప మూడో మాట వినదు.

ఇలాంటి ప్రశ్నలు మన ప్రాంతానికి కొత్త కావు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తలు మరణం జరిగిన ఇళ్లకు వెళ్లి బంధువులను వివరాలడిగారు. సుమారు మూడోవంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని 2006లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. పల్లెవారికి గుండెజబ్బులు రావన్న అపోహ అలా తొలగింది. ఆ తరువాత పశ్చిమ గోదావరిలో 54 గ్రామాలలో ఆశా కార్యకర్తలు ట్యాబులతో నలభై ఏళ్లు దాటినవారిని పరీక్షించారు. ప్రమాదమున్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపగలిగారు. అయినా రక్తపోటు అదుపులో చెప్పుకోదగిన తేడా కనబడలేదని 2019లో ప్రచురించారు. యంత్రం అడుగుతుంది, గుర్తు చేస్తుంది. మాత్ర రోజూ వేసుకోవలసింది మాత్రం మనమే.

కనుక పాఠకులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, ఏ అలవాటున్నా అడగకపోయినా చెప్పండి. మద్యం, నెలసరి, మనోవేదన వంటి విషయాలు నలుగురిలో చెప్పలేకపోతే పక్కకు పిలిచి అడగమనండి. మీ బదులు కొడుకునో కోడలినో జవాబు చెప్పనివ్వకండి. నమోదు పూర్తయ్యాక ఒకసారి చదివి వినిపించమనండి. తప్పుంటే అక్కడే దిద్దించండి.

ఇంట్లో ఒక కాగితం మీద వాడుతున్న మందులు, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు రాసి ప్లాస్టిక్ కవరులో ఉంచండి. 14 అంకెల ఆభా నంబరు ఉంటే అదీ రాసుకోండి. ఫోనుకు వచ్చే ఓటీపీ మాత్రం, ఎందుకో తెలుసుకోకుండా ఎవరికీ చెప్పకండి.

ఆ పెద్దావిడను ముక్క పరీక్షకు పంపాము. ఫలితం ఇంకా రాలేదు. చుట్ట ఆ రోజే మానేశానన్నారు. ఆ ఒక్క మాట ఎవరైనా ముందే అడిగి ఉంటే, పుండు పడేదాకా వచ్చేది కాదేమో.