పూల బాల్కనీ - తైలవర్ణాలు - మన కళాశాల

గత విద్యా సంవత్సరంలో ఒక ఉదయం మన కళాశాల విద్యార్థిని ఒకరు గుడ్డలో చుట్టిన చిన్న కాన్వాసును తెచ్చి మా బల్ల మీద ఉంచారు. తమ ఇంటి మేడ మీది బాల్కనీని ఆమె తైలవర్ణాలతో చిత్రించారు. ఇనుప కటకటాల మీదికి ఎగబ్రాకిన కాగితం పూల తీగ, కుండీలలో బంతి, మందార, గులాబి, వెనుక సున్నపు గోడ. "సార్, కొన్నవన్నీ మంచి రంగులే. ప్రతి పువ్వుకూ ముదురు రంగే వేశాను. అయినా మా బాల్కనీలో ఉన్న కళ ఇందులో ఎందుకు రాలేదు?" అని అడిగారు. మేము తెలుగు బోధించేవారమే గాని చిత్రకారులము కాము. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ తెలుసుకొన్న విషయాలను, వాటివల్ల మాకు కలిగిన ఒక అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

రంగు తనంతట తాను ప్రకాశించదు. పొరుగు రంగును బట్టి ప్రకాశిస్తుంది. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ పారిస్ నగరంలోని గోబెలిన్ చిత్రవస్త్రాల కర్మాగారంలో అద్దకం శాఖను నిర్వహించేవాడు. నల్లనూలు కళ తప్పి కనిపిస్తున్నదన్న ఫిర్యాదును పరిశీలించి, దోషం అద్దకంలో లేదని, పక్కన నేసిన రంగులలో ఉన్నదని ఆయన గ్రహించాడు. ఆ పరిశోధనను 1839లో గ్రంథంగా ప్రకటించాడు. ఎరుపు పక్కన ఆకుపచ్చ, పసుపు పక్కన ఊదా నిలిచినప్పుడు ఒకదాని కాంతిని మరొకటి పెంచుతుంది. అన్ని రంగులూ ఒకే స్థాయిలో ఉంటే ఏ ఒక్కటీ వినిపించదు. ముషాయిరాలో కవులందరూ ఒక్కసారిగా లేచి తమ తమ గజళ్లు చదివితే శ్రోతకు మిగిలేది కోలాహలమే కదా!

క్లాడ్ మోనే 1867లో చిత్రించిన "సాంత్-అద్రెస్ వద్ద తోట" అన్న తైలవర్ణ చిత్రం ఇందుకు చక్కని ఉదాహరణ. సముద్రానికి ఎదురుగా ఉన్న పూలతోటను ఎత్తునుండి చూసి వేసిన ఆ చిత్రం నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. అందులో ఎర్రని పూలు నిప్పుకణికలవలె మెరుస్తాయి. కాని ఆ ఎరుపు ఆక్రమించిన చోటు తక్కువ. చుట్టూ పచ్చని ఆకులు, నీలి సముద్రం, నేలమీద పరచుకొన్న నీడలు ఎక్కువ. ఆ మెరుపులో సగం ఆ పరిసరాలదే.

మన విద్యార్థిని చిత్రంలో మరొక చిక్కు కూడ ఉన్నది. కాగితం పూల రాణీ రంగు కొరకు ఆమె నారింజ ఛాయగల ఎరుపులో నీలం కలిపారు. నారింజ ఛాయ అంటే అందులో పసుపు దాగి ఉన్నదన్నమాట. పసుపు, ఎరుపు, నీలం మూడూ కలిస్తే మిగిలేది బురద వన్నె. గులాబి ఛాయగల ఎరుపును తీసుకొని ఉంటే ఆ చిక్కు రాకపోయేది. నీడలకు ఆమె నలుపు వాడారు. కాని మిట్టమధ్యాహ్నం సున్నపు గోడమీద పడిన నీడను నిదానంగా చూస్తే అది నలుపు కాదు, నీలం కలిసిన బూడిద వన్నె. మేము ఇద్దరమూ ఆ తీగను దగ్గరగా పరిశీలించినప్పుడు మరొక వింత తెలిసింది. కాగితం పూలలో మనం పూరేకులనుకొనేవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ సన్నగా, తెల్లగా ఉంటుంది. ఇన్నేండ్లుగా ఆ తీగ కింద నడిచిన మేము దానిని ఒక్కనాడైనా చూడలేదని ఒప్పుకొనక తప్పదు.

తైలవర్ణాలు తొందరను సహించవు. వాటిలోని అవిసె నూనె నీటివలె ఆవిరి కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి రోజుల తరబడి గట్టిపడుతుంది. అందుచేత మొదటి పొరను టర్పెంటైనుతో పలుచగా వేసి, నూనె ఎక్కువగల చిక్కని పొరను దానిపై వేయాలి. ఈ క్రమం తప్పితే పైపొర ముందు ఆరి, కొంతకాలానికి బీటలు వారుతుంది. ఎండ గంటగంటకూ జరుగుతుంది గనుక ప్రతిదినం ఒకే వేళకు కూర్చోవాలి. వేసినది తప్పయితే గీకి మళ్లీ వేసుకోవచ్చు. ఓర్పు, క్రమం, తప్పును తానే దిద్దుకొనటం - ఏ తరగతి గదిలోనైనా మేము బోధింపగోరేవి ఇవే కదా!

చిత్రకళ మన మతానికి సరిపడదని కొందరు తల్లిదండ్రులు భావిస్తారు. ప్రాణుల రూపాలను చిత్రించటంపై పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ చర్చకు ఇది చోటు కాదు. కాని బొమ్మలు వేసి జీవించే ఒక వ్యక్తికి, చెట్లను, ప్రాణంలేని వాటిని చిత్రించుకొమ్మని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ సలహా ఇచ్చినట్లు సహీహ్ బుఖారీలోనే ఉన్నది. 1620లో కాశ్మీరుకు వెళ్లిన జహంగీర్ చక్రవర్తి, తన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ అక్కడి పూలను నూరుకు పైగా చిత్రించినట్లు స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. మన్సూర్ వేసిన ఎర్ర తులిప్ పూల చిత్రం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు మౌలానా ఆజాద్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. ఆయన వాడినవి నీటి రంగులే, తైలవర్ణాలు కావు. అయినా పువ్వును చూచిన ఆ చూపు మన వారసత్వమే.

చేతిలో ఫోను ఉండగా ఈ శ్రమ ఎందుకని విద్యార్థులు అడుగవచ్చు. ఫోను క్షణంలో బాల్కనీని పట్టి ఇస్తుంది. కాని ఆ క్షణంలో మనం బాల్కనీని చూడము. ఖర్చు సంగతికి వస్తే, తెలుపు, పసుపు, నారింజ ఎరుపు, గులాబి ఎరుపు, నీలం, మట్టి రంగు - ఈ ఆరు ట్యూబులు ప్రారంభానికి చాలును. ఆకుల పచ్చదనాన్ని పసుపు, నీలాలతో కలుపుకోవచ్చు.

ఇంతకూ ఆ విద్యార్థిని రెండవ చిత్రం మొదలుపెట్టారు. ఈసారి గోడను నీలి బూడిద నీడలో ఉంచి, పూలలో సగం తగ్గించారు. తీగ ఒక్కసారిగా వెలిగింది. కాని చిన్న ఇల్లు, టర్పెంటైను వాసన, పసిపిల్లలు. ఇంటివారి అభ్యంతరం అకారణం కాదు. రంగుల పెట్టె అటక మీదికి చేరింది. చిత్రం సగంలోనే ఉన్నది. ఈ వసంతంలో ఆమె కళాశాల విడిచి వెళ్లనున్నారు.

మన కళాశాల మొదటి అంతస్తులో గ్రంథాలయం వెనుక ఒక బాల్కనీ ఉన్నది. ఏండ్ల తరబడి అందులో విరిగిన బెంచీలు పడి ఉన్నవి. గాలి ధారాళంగా వీచే చోటు గనుక టర్పెంటైను వాసన అక్కడ నిలువదు. ఆ బెంచీలను తీసివేయించి, వారానికి రెండు గంటలు ఆ చోటును చిత్రకళకు కేటాయించవలసిందిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. కుండీలు విద్యార్థులు తెస్తారు. నీళ్లు పోసే బాధ్యత మాది. అనుమతి ఈ వసంతంలోనే లభిస్తే అటక మీది పెట్టె కిందికి దిగుతుంది.