అమావాస్య పుస్తకం మీద మా వీధి తగువు

"మీ పాప మా పాపకు దెయ్యాల పుస్తకం ఇచ్చిందంట గదక్కా?" అని ఆమె వాకిట్లో నిలబడి అడిగినప్పుడు నేను సంగటి గెలుకుతున్నాను. సంగటి మధ్యలో వదిలితే ఉండలు కడుతుంది కాబట్టి అక్కడి నుంచే లోపలికి రమ్మన్నాను. ఆమె రాలేదు. పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. నల్ల అట్ట, దాని మీద ఎర్ర చారలున్న తెల్ల పువ్వు.

"దీని పేరే అమావాస్య అంట. ఇంట్లో పెట్టుకునేదా ఇది? ఇది చదివినప్పట్నించి మా పాప అన్నం సరిగ్గా తినేది లేదు, మాట్లాడేది లేదు."

ఆ పాప అన్నం మానేసి అప్పటికే నెల దాటింది. పుస్తకం వాళ్లింటికి వెళ్లి వారమే అయింది. ఈ లెక్క నాకు తెలుసు. అయినా ఆ పూట ఆ మాట అనలేదు. పుస్తకం తీసుకుని "నేను చూస్తాలేమ్మా" అని పంపించేశాను. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన మా పాపను తిట్టాను. పుస్తకాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. ఒక్క పేజీ కూడా చదవకుండానే ఇదంతా చేశాను. ఇది ముందు ఒప్పుకుని మిగతాది చెబుతాను, ఎందుకంటే ఇవాళ నేను పోట్లాడబోయేవాళ్లలో మొదట ఉన్నది నేనే.

"చదవకుండా ఎట్ల తిడతావమ్మా? బి.ఏ. తెలుగు చదివినదానివి" అంది మా పాప. ఆ మాట గుచ్చుకుంది. పుస్తకం బయటికి తీశాను. నా ఇంగ్లీషుకి నాలుగైదు వందల పేజీలంటే మాటలు కాదు. మధ్యాహ్నం పూట ఫోన్‌లో నిఘంటువు పక్కన పెట్టుకుని, చీకటి పడ్డాక మా పాప చేత అర్థాలు చెప్పించుకుని, దాదాపు రెండు నెలలు పట్టింది.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. స్టెఫనీ మేయర్ అనే అమెరికా రచయిత్రి 2005లో 'ట్వైలైట్' రాసింది. ఫోర్క్స్ అనే వానల ఊరికి వచ్చిన బెల్లా అనే పిల్లకి, ఎడ్వర్డ్ అనే రక్తపిశాచికి మధ్య ప్రేమకథ. ఆ అబ్బాయి 1918లో విషజ్వరంతో చావబోతూ పిశాచి అయ్యాడు, అప్పటి నుంచి పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయాడు. రాత్రిళ్లు ఆ పిల్ల గదిలోకి చెప్పకుండా వచ్చి ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. (మా పీటీఎంలో అయితే వీధి కుక్కలే వాడి సంగతి చూసుకునేవి.) 2006లో వచ్చిన రెండో భాగమే ఈ 'న్యూ మూన్'. బెల్లా పద్దెనిమిదో పుట్టినరోజున బహుమతి విప్పుతుంటే కాగితం కోసుకుని వేలికి నెత్తురు వస్తుంది. పిశాచుల ఇంట్లో నెత్తురంటే తెలుసుగా. ఇక నాతో ఉంటే నీకు ప్రమాదమని ఎడ్వర్డ్ ఆమెను అడవిలోకి తీసుకెళ్లి, నువ్వు నాకు వద్దని అబద్ధం చెప్పి, అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు.

ఆ తర్వాత పుస్తకంలో నాలుగు పేజీలున్నాయి. ఒక్కో పేజీలో ఒక్క మాటే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి. ఇంకేమీ లేదు.

మా పాప స్నేహితురాళ్లలో ఈ రెండో భాగం మీద పెద్ద యుద్ధమే నడిచింది. ఒక అమ్మాయి, "వేస్ట్, సగం పుస్తకం ఎడ్వర్డే లేడు" అంటుంది. ఇంకో అమ్మాయికి జేకబ్ ఇష్టం. వాడు బెల్లాకి పాత మోటారు సైకిళ్లు బాగుచేసి ఇచ్చే కుర్రాడు, తర్వాత తోడేలుగా మారతాడు. అమెరికాలో ఆ రోజుల్లో ఆడపిల్లలు టీం ఎడ్వర్డ్, టీం జేకబ్ అని చొక్కాల మీద రాసుకుని తిరిగారట. 2009లో సినిమా వచ్చాక అది ఇంకా ముదిరింది. అదే 2009లోనూ, ఆ మరుసటేడూ అమెరికా గ్రంథాలయ సంఘం వేసిన జాబితాలో, తీసేయమని ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పది పుస్తకాల్లో ఈ వరుస ఉంది. అంటే పుస్తకం రెండు వేళ్లతో పట్టుకుని వాకిట్లో నిలబడ్డ తల్లులు అక్కడా ఉన్నారన్నమాట.

"హీరో లేడు కాబట్టి బోరు" అనే పిల్లలతో నాకు అసలు పేచీ. ఆ పుస్తకంలో నిజమంటూ ఉంటే అది వాడు లేని పేజీల్లోనే ఉంది. ఆ నాలుగు నెలల పేర్లు చూసి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మనసు విరిగిన మనిషికి నెలలు అట్లాగే గడుస్తాయి. పాలవాడికి లెక్క కట్టి ఉంటాం, పండక్కి అరిసెలు చేసి ఉంటాం, తర్వాత అడిగితే ఏమీ గుర్తుండదు. రచయిత్రి అక్కడ ఉపన్యాసం చెప్పకుండా పేజీ ఖాళీగా వదిలింది. అది చదవలేక "వేస్ట్" అన్నారంటే, మన పిల్లలకి ప్రేమంటే ఎదురుగా అందగాడు నిలబడి మాట్లాడటమే అని మనం నేర్పామన్నమాట.

ఇక పెద్దవాళ్ల సంగతి. మా ఆడబిడ్డ వచ్చినప్పుడు, "ఇదంతా మన సంస్కృతి కాదు వదినా, ఆ దేశం వాళ్ల పిచ్చి" అంది. మదనపల్లెలో మేము చదివిన ప్రబంధాల నిండా ఏముందో ఆమెకి చెప్పాలనిపించింది. నాయిక విరహంతో మంచం పడుతుంది. చెలికత్తెలు గంధం పూస్తారు, తామరాకులు పరుస్తారు, శిశిరోపచారాలని దానికో పేరు కూడా ఉంది. వెన్నెల కాల్చేస్తోందని చంద్రుణ్ణి పట్టుకుని తిట్టడానికి చంద్రోపాలంభనమని ఇంకో పేరు. పరీక్షకి అవన్నీ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం. మన నాయిక పున్నమి చంద్రుణ్ణి తిట్టింది, ఈ పిల్లకి తిట్టడానికి చంద్రుడు కూడా లేడు, అంతే తేడా. 'దేవదాసు' సినిమా 1953లో వచ్చింది. వాడు తాగి తాగి చస్తే ఇప్పటికీ కళ్లొత్తుకుంటాం. మగవాడు మనసు విరిగి కూలిపోతే గొప్ప ప్రేమ, ఆడపిల్ల నాలుగు నెలలు మాట్లాడకపోతే పిచ్చి, లేకపోతే దెయ్యం.

దెయ్యమంటే మా అమ్మ గుర్తొస్తుంది. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో చీకటి పడితే పెరట్లోకి ఒక్కతీ వెళ్లేది కాదట. దానికి 'తులసి' అని రెండో భాగం వచ్చింది, 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. విరగబడి చదివినవాళ్లు ఎందరో, మండిపడినవాళ్లు అందరు. రంగనాయకమ్మ గారైతే 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆ తగువు సరైన తగువే. చేతబడి మీద నమ్మకం పెరిగితే ఊళ్లలో ఎవరి మీద రాళ్లు పడతాయో మనకి తెలుసు. కానీ ఈ అమావాస్య పుస్తకంలో పిశాచి అసలు ప్రమాదం కాదు. చదివే పిల్లలెవరూ పిశాచాలున్నాయని నమ్మట్లేదు. పిశాచిని నమ్మింది మన పెద్దవాళ్లు. ఆ పాప చేతికి తాయెత్తు కట్టించి, మూడు అమావాస్యలు తియ్యకూడదని చెప్పించుకొచ్చారు. ఆ పిల్ల దిగులుకి కారణం నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఇంత చిన్నదానికా అంటారు మీరు, అందుకే రాయను.

మరి పుస్తకంలో తప్పేమీ లేదా అంటే, ఉంది. చాలా పెద్దదే ఉంది. రెండు పక్షాల్లో ఎవరూ దాన్ని పట్టుకోలేదనే ఇదంతా రాస్తున్నాను.

బెల్లాకి ఒక సంగతి తెలుస్తుంది. తను ప్రమాదంలో పడితే చాలు, ఎడ్వర్డ్ గొంతు చెవిలో వినిపిస్తుంది. అందుకని కావాలని ప్రమాదాలు వెతుక్కుంటుంది. మోటారు సైకిలు అందుకే. చివరికి సముద్రం పక్కన కొండ మీది నుంచి దూకుతుంది. చావడానికి కాదు, వాడి గొంతు వినడానికి. జేకబ్ లాగి ఒడ్డున పడేస్తాడు. కానీ ఆమె చచ్చిపోయిందనుకుని ఎడ్వర్డ్ ఇటలీ వెళ్లి తనూ చావబోతాడు, ఈమె పరిగెత్తి కాపాడుతుంది, ఇద్దరూ ఒక్కటవుతారు. కథ నడిచిన దారి చూడండి. ఆమె ఏడిస్తే వాడు రాలేదు. నెలల తరబడి మంచం మీద పడి ఉంటే రాలేదు. చచ్చిపోయిందని తెలిశాకే వాడి ప్రేమ బయటపడింది. దూకడం ఫలించింది. రచయిత్రి అలా అనుకుని రాసిందని నేను అనను. కానీ పదహారేళ్ల పిల్ల మనసులో మిగిలేది అదే.

ఇది మనకి కొత్త కాదు. చెయ్యి కోసుకుని నెత్తురుతో పేరు రాసిన హీరోలని మనం చప్పట్లు కొట్టి పెంచాం. నేను చస్తే గానీ నీకు తెలీదు అనే మాట మన ఇళ్లలో అమ్మలూ అంటారు, అత్తలూ అంటారు. నేనూ అన్నాను, మా పాప ముందే, ఒకసారి కాదు. పిల్లలు ఆ మాటని ఇంగ్లీషు పుస్తకంలో నేర్చుకోవాల్సిన పనేముంది?

నన్నయ్య అరణ్యపర్వంలో చెప్పిన దమయంతి కథ ఆ పిల్లల్లో ఎంతమందికి తెలుసో. ఆమెనీ అడవిలోనే వదిలేశాడు. నిద్రపోతుంటే సగం చీర కోసుకుని మరీ వెళ్లాడు నలుడు. నా వల్ల నీకెందుకీ కష్టమని అతని సాకూ అదే, ఎడ్వర్డ్ సాకే. ఆమె ఏడవలేదా? అడవంతా ఏడ్చింది. చెట్టునీ కొండనీ అడిగింది. ఏడుస్తూనే బేహారుల గుంపు వెంట నడిచి చేది దేశం చేరింది, అక్కడి నుంచి పుట్టింటికి చేరింది. బ్రాహ్మణుల చేత ఊరూరా మొగుడికి మాత్రమే అర్థమయ్యే మాటలు చెప్పించి ఆచూకీ తీసింది. అనుమానం తగలగానే మళ్లీ స్వయంవరమని కబురు పంపి రప్పించింది. రప్పించడానికి ఆమె బతికి ఉండి తెలివి వాడింది. బి.ఏ. చదివేటప్పుడు ఇది పతివ్రత కథ అని రాసి వచ్చాను. ఈ పుస్తకం చదివాకే దమయంతి తెలివి నాకు సరిగ్గా కనిపించింది. ఆ మాటకి స్టెఫనీ మేయర్‌కి నేను రుణపడే ఉన్నాను.

"కథే కదమ్మా, ఇంత ఆలోచించాలా" అన్నాడు మా ఆయన, టమోటా ధర చూసుకుంటూ. కథే. కథ కాబట్టే పిల్లలు రాత్రంతా మేలుకుని చదివారు. మనం చెప్పే బుద్ధులకి ఎవరైనా మేలుకున్నారా?

బెల్లా తండ్రి చార్లీ నాకు నచ్చాడు. ఆయన గురించి ఏ పక్షమూ మాట్లాడదు. పోలీసు ఉద్యోగం, మాటలు రాని మనిషి. కూతురు రాత్రిళ్లు నిద్రలో కేకలు పెడుతుంటే వింటూ, ఏం చెయ్యాలో తెలియక, మీ అమ్మ దగ్గరికి పంపేస్తానంటాడు. తప్పో ఒప్పో, ఆయన చూశాడు. ఆ పిల్లకి బాగాలేదని గమనించి ఆ మాట బయటికన్నాడు. నేను బీరువాకి తాళం వేశాను.

పది రోజుల కిందట ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. పాప పరీక్ష ఫీజు కూడా కట్టలేదట. కాఫీ ఇచ్చి, చెప్పాల్సింది చెప్పాను. ఇది పుస్తకం వల్ల వచ్చింది కాదు, అంతకు ముందు నుంచే ఉంది, మదనపల్లెలో మనసు డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తాను. అంత దూరం వద్దనుకుంటే 14416 అని సర్కారు నంబరుంది, టెలి మానస్ అంటారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ఆమె తాయెత్తు గురించి ఏమీ అనలేదు, నేనూ అనలేదు. నంబరు మాత్రం నా ఫోన్‌లోంచి తన ఫోన్‌లోకి ఎక్కించుకుంది.

తర్వాత, "ఇంతకీ ఆ పుస్తకంలో ఏముందక్కా?" అని అడిగింది. గంటసేపు కథంతా చెప్పాను. ఖాళీ పేజీల దగ్గర ఏమీ అనకుండా కొంగుతో మొహం తుడుచుకుంది. కొండ దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"ఆఖర్న ఆ పిల్లోడు తిరిగొస్తాడా?"

"వస్తాడు."

"ఆయమ్మి దూకింది గాబట్టే వచ్చినాడా?"

"అంతే అనుకో."

ఆమె కాసేపు ఆలోచించింది. "అట్లయితే మా పాపకు మళ్లా ఇయ్యొద్దులేక్కా. లేదంటే ఆ నెలల పేర్లు ఉండే కాడికి చించియ్యి. అదొక్కటీ చదువుకుంటుంది."

చించలేదు, ఆ పుస్తకం బెంగళూరులో ఉన్న మా అక్క కూతురిది. మా పాప ఆ నాలుగు పేజీలు ఫోటో తీసి ఆ పాపకి పంపింది.