గల్లంతైన వాళ్ల పిల్లలు

మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మా స్నేహితుడు పోయిన కబురు పడ్డ సాయంత్రం దణ్ణాల బొమ్మలు వరసకట్టాయి. ఆ తరవాత మాటలు. ‘అనాథల పాలిట దేవుడు’, ‘పిల్లల కోసం కొవ్వొత్తిలా కరిగిపోయాడు’, ‘పెళ్లి కూడా మానుకున్న మహానుభావుడు’. చివరిది శుద్ధ అబద్ధం. వాడికి పెళ్లయింది, ఇద్దరు కూతుళ్లున్నారు, వాళ్లావిడ మిషను కుట్టి ఇల్లు నెట్టుకొచ్చింది. ఆ ముక్క రాసినాయన కాలేజీ వదిలాక వాణ్ని ఒక్కసారైనా చూసి ఉండడు. నేను మాత్రం రోజూ చూశానా ఏమిటి! పుదుచ్చేరి వెళ్లినప్పుడల్లా వాడి దగ్గర ఓ పూట కూర్చునేవాణ్ని, అంతే. ఆ కూర్చున్నంతలో నాకు కనిపించిన మనిషికీ, గ్రూపులో వెలసిన దేవుడికీ పోలిక కుదరడం లేదు. అందుకే ఈ వారం శీర్షిక వాడికి ఇచ్చేస్తున్నాను. పేరు రాయను. ఇంట్లోవాళ్లకి ఇష్టం లేదు. పైగా వాడు సాకిన పిల్లలు ఇప్పుడు పెళ్లిళ్లయి, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాడి పేరు పట్టుకుని వాళ్ల గుమ్మందాకా వెళ్లడం పెద్ద కష్టం కాదు.

మాది యానాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పెత్తనం మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరిది. మా ఊరి కుర్రాళ్లు పై చదువులకి కాకినాడలో రైలెక్కి మద్రాసులో దిగి, అక్కణ్ణించి బస్సులో పుదుచ్చేరి చేరేవాళ్లు. హాస్టల్లో మా తెలుగు గుంపులోకి తనంతట తనే వచ్చిపడ్డ అరవ కుర్రాడు వీడు. ఊళ్లోనే ఇల్లున్నా సాయంత్రాలు మాతోనే. మా దగ్గర నేర్చిన తెలుగులో సగం తిట్లే. ఇల్లు వైతికుప్పం.

పుదుచ్చేరి చూసొచ్చిన తెలుగువాళ్లకి కూడా వైతికుప్పం తెలియదు. గాంధీ విగ్రహం దగ్గర ఫొటో దిగి, బీచ్ రోడ్డు మీద అటో నడక ఇటో నడక నడిచి వచ్చేస్తారు. అదే రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే తెల్లవాళ్ల మేడలు అయిపోయి జాలరి పేటలు మొదలవుతాయి. కురుసుకుప్పం, వైతికుప్పం, సోలైనగర్, ఎక్కడ ఒకటి ఆగి ఇంకోటి మొదలవుతుందో బయటివాడికి తెలియదు. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన రేవు గోడలు సముద్రంలోకి కట్టారు. దాంతో ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుకకి అడ్డం పడింది, ఏళ్లు తిరిగేసరికి ఈ పేటల ముందు ఒడ్డు కరిగిపోయి బండరాళ్లు పేర్చాల్సి వచ్చింది. ‘మా నాన్న వల ఆరేసుకున్న చోట ఇప్పుడు చేపలు ఈదుతున్నాయిరా’ అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

వైతికుప్పం పేరు ఏడాదికోసారి పేపర్లకెక్కుతుంది, మాసి మగం నాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే ఆ పండక్కి చుట్టుపక్కల ఊళ్ల ఉత్సవ మూర్తులన్నీ ఇక్కడికే తీర్థవారికి, అంటే సముద్ర స్నానానికి వస్తాయి. అంత దూరం మైలం నుంచి మురుగన్ దిగుతాడు. ఇసకేస్తే రాలని జనం. ఆ జనంలో వాడి చోటు, తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే పందిరి. మైకులో పేర్లు పిలిపించడం, మజ్జిగ తాగించడం, ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టడం. ఒకసారి నేనూ పక్కన కూర్చున్నాను. ‘ఏడిచేవాడితో మనకి పనిలేదురా, వాళ్లమ్మ వచ్చేస్తుంది’ అన్నాడు. ‘పొద్దుణ్నించీ ఒక్కడే తిరుగుతూ, ఎవరికోసమూ వెతుక్కోకుండా, ఏడవకుండా ఉన్నాడే, వాడెవడో చూసిరా.’ నేను చూసొచ్చాను. బెలూన్లమ్మేవాడి వెనక తిరుగుతున్న తొమ్మిదేళ్ల పిల్లాడు. మర్నాడు వాడి ఇల్లు పట్టుకున్నాడు మావాడు. తండ్రి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియని ఇల్లు.

నేను రాయాలనుకున్న అసలు సంగతి ఈ ‘తెలియకపోవడం’ దగ్గరే ఉంది.

వేటకెళ్లిన మనిషి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పేటలో పదో రోజుకి అందరికీ తెలుసు, పోయాడని. ప్రభుత్వానికి తెలియదు. శవం లేదు కాబట్టి పంచనామా లేదు, పంచనామా లేదు కాబట్టి మరణ ధ్రువపత్రం లేదు. ఏడేళ్ల పాటు జాడ తెలియకపోతే తప్ప మనిషి చనిపోయినట్టు చట్టం అనుకోదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 108వ సెక్షను, 2023లో వచ్చిన కొత్త చట్టంలో 111. ఈ ఏడేళ్లూ ఆవిడ విధవ కాదు, పింఛను రాదు. పిల్లాడు తండ్రి లేనివాడు కాదు, తండ్రి లేని పిల్లలకిచ్చే సాయం అందదు. రేషన్ కార్డులో, బడి రిజిస్టర్లో తండ్రి నిక్షేపంలా ఉన్నాడు. ఏడేళ్ల పిల్లాడు పద్నాలుగేళ్ల వాడవుతాడు ఈలోగా. అప్పటికి బడి మానేసి పడవ మీద ఐసు మోస్తుంటాడు. 2017 చివర్లో ఒఖీ తుపాను వచ్చి కన్యాకుమారి, కేరళ తీరాల్లో పడవలకి పడవలే గల్లంతైనప్పుడు ప్రభుత్వాలు ఆ ఏడేళ్ల లెక్కను పక్కనపెట్టి కుటుంబాలకి సాయం ఇచ్చాయి. గుంపుగా పోతే చట్టం వంగుతుంది. మామూలు మంగళవారం నాడు ఒక్కడు పోతే?

ఆ ఒక్కడి ఇంటికి మావాడు వెళ్లేవాడు. చేతిలో రెక్సిన్ సంచి. అందులో తెల్లకాగితాలు, స్టాంపు ప్యాడు, పిల్లల పాస్‌పోర్టు సైజు ఫొటోలు. తీర రక్షక పోలీసు స్టేషన్లో ఫిర్యాదు నకలు, పడవ యజమాని రాసిచ్చిన కాగితం, పేట పంచాయతీ పెద్దల సంతకాలు, మత్స్యశాఖలో ముద్ర. నోటరీ దగ్గర అఫిడవిట్. ఒక్కో సంతకానికి నాలుగేసి తిరుగుళ్లు. పిల్లాడి జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే మళ్లీ మొదటికి. ‘దేవుడు’ అని రాసిన మా బ్యాచ్‌వాళ్లకి ఈ పని కళ్లకి కట్టదు. దేవుడు క్యూలో నిలబడడు గదా!

ఇలా మనుషుల్ని తలుచుకునేటప్పుడు మనం ఎప్పుడూ ఒకే తప్పు చేస్తామనిపిస్తుంది. మొదటి ఘట్టమో చివరి ఘట్టమో పట్టుకుంటాం. మధ్యలో ముప్పయ్యేళ్లు వదిలేస్తాం.

మా యానాం పొరుగునే, కాకినాడ దగ్గర పల్లెల్లో, డాక్టర్ సంకురాత్రి చంద్రశేఖర్ గారున్నారు. ఆయన గురించి ఎవరు రాసినా కనిష్క విమానంతోనే మొదలుపెడతారు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరానికి దగ్గర్లో పేలిపోయిన ఆ ఎయిరిండియా విమానంలో 329 మంది పోయారు. వాళ్లలో ఆయన భార్య మంజరి, కొడుకు శ్రీకిరణ్, కూతురు శారద. కెనడాలో శాస్త్రవేత్త ఉద్యోగం వదిలేసి ఆయన ఇక్కడికి వచ్చేశారు. 1989లో ఫౌండేషన్ పెట్టారు, 1992లో కూతురి పేర శారదా విద్యాలయం, 1993లో కొడుకు పేర కంటి ఆసుపత్రి. 2023లో పద్మశ్రీ వచ్చింది. వినేవాడి గుండె కరుగుతుంది, కరిగాక ఆగిపోతుంది. పేద పిల్లలకి డబ్బు తీసుకోకుండా చదువు, పుస్తకాలు, బట్టలు, భోజనం పెట్టే బడి అది. అంటే ఏమిటి? ప్రతి జూన్‌లోనూ యూనిఫాం గుడ్డ లెక్క. ప్రతి పొద్దునా బియ్యం కొలత. టీచర్ మానేస్తే కొత్త టీచర్. ఆ లెక్క మూడు దశాబ్దాలకు పైగా తప్పకుండా నడవడమే ఆయన చేసిన పని. విమానం ఆయనకి జరిగింది, బడి ఆయన చేశారు. మనం జరిగినదాన్నే చెప్పుకుంటాం.

పోలండులో యానుష్ కోర్చాక్ సంగతీ అంతే. నాజీలు 1942 ఆగస్టులో తన అనాథాశ్రమం పిల్లల్ని ట్రెబ్లింకాకి తరలిస్తే వాళ్లని వదలకుండా రైలెక్కిన డాక్టరు. ఆ రైలు అందరికీ తెలుసు. అంతకుముందు ముప్పయ్యేళ్లు ఆయన ఆ ఆశ్రమం నడిపాడనీ, అక్కడ పిల్లలే జడ్జీలుగా కోర్టు ఉండేదనీ, అందులో ఆ డాక్టరు మీద కూడా కేసులు నడిచాయనీ ఎంతమందికి తెలుసు? నాకైతే రైలు కంటే ఆ కోర్టే గొప్పగా అనిపిస్తుంది. రైలెక్కే రోజు మన చేతిలో ఉండదు, కోర్టు పెట్టడం ఉంటుంది.

మావాడికీ అలాంటి ఘట్టం ఒకటుంది, గ్రూపులో దాని గురించే ఎక్కువ రాశారు. 2004 డిసెంబరు 26, ఆదివారం, సునామీ వచ్చిన రోజు. ఫ్రెంచివాళ్ల కాలం నాటి సముద్రపు గోడ, దాని ముందు రాళ్లు ఊరి నడిబొడ్డుని కాపాడాయి. గోడ లేని పేటల్లోకి నీళ్లొచ్చాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంతా కలిపి దాదాపు 600 మంది పోయారు, ఎక్కువమంది కారైక్కాల్‌లో. మావాడు పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తాడంటారు. పరిగెత్తే ఉంటాడు, ఆ పూట పేటలో కాళ్లున్న ప్రతివాడూ అదే చేశాడు. వాడు చేసిన అసలు పని ఆ తరవాత రెండు వారాల్లో. ఎక్కడెక్కణ్ణించో వ్యాన్లు దిగాయి, ‘అనాథల్ని ఇవ్వండి, మేం పెంచుతాం’ అని. కొందరు మంచివాళ్లే, కొందరెవరో తెలియదు. అవతల తమిళనాడు ప్రభుత్వం సునామీ పిల్లల దత్తతకి అడ్డుకట్ట వేసి, నాగపట్నం వంటి చోట్ల సొంతంగా బాలల గృహాలు తెరిచింది. ఇక్కడ మావాడు ఇల్లిల్లూ తిరిగి ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. ఈ పిల్లకి మేనత్త ఉంది, ఈ పిల్లాడికి అమ్మమ్మ ఉంది, ఈ ఇద్దరికీ పెదనాన్న ఉన్నాడు గానీ తాగుతాడు. ‘అనాథలెవరూ లేరు ఇక్కడ. బియ్యం లేవు. బియ్యం ఇచ్చి వెళ్లండి’ అని వ్యాన్లవాళ్లకి చెప్పాడట. ఈ సంగతి వాడు చెప్పలేదు, వాళ్లావిడ చెప్పింది.

బాలల న్యాయ చట్టం 2015లో ఆ మాటే అంది, పిల్లాడికి మొదటి చోటు కుటుంబం, సంస్థ ఆఖరి దారి అని. వాడు చట్టం చదివి అనలేదు. పిల్లల హాస్టళ్లు వాడికి గిట్టవు, అంతే. దీని మీద మా ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. బంధువులంతా బంగారం కాదు, అత్తింట్లో వంటమనిషిగా మారిన మేనకోడళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, అంతకంటే ఘోరాలూ ఉన్నాయి, 2012లో పోక్సో చట్టం రావలసి వచ్చింది ఊరికే కాదు గదా అని నేననేవాణ్ని. చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. మొండివాడు, కోపిష్టి, అప్పు తీసుకుంటే మర్చిపోయేవాడు కూడా. చివర్లో ఒకసారి తనే అన్నాడు, ‘ఇంట్లో పెడితే సరిపోదురా, నెలకోసారి ఎవడో ఒకడు వెళ్లి గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు అడగాలి. చెయ్యెత్తే ముందు వాళ్లకి మనం గుర్తు రావాలి.’

ఆ ‘ఎవడో ఒకడు’ ఎవడు? నా గొడవ అదే. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం, తల్లి దగ్గరో బంధువుల దగ్గరో పెరిగే ఇలాంటి పిల్లలకి నెలకు 4,000 రూపాయలు రావచ్చు. కుటుంబం సంపాదన ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. మంచి పథకం. కానీ ఆ డబ్బుకి కాగితాలు కావాలి, కాగితాలకి తిరిగేవాడు కావాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1996లో ముంబయిలో మొదలైన 1098 చైల్డ్‌లైన్‌ను దేశమంతటా స్వచ్ఛంద సంస్థల కుర్రాళ్లు కొద్దిపాటి జీతాలకి నడిపారు. 2023 నుంచి దాన్ని ప్రభుత్వాలే తీసుకుని అత్యవసర నంబరు 112తో కలిపాయి. తీసుకోవడం సబబే, అది ప్రభుత్వం పనే. అయితే ఫోన్ ఎత్తడం వేరు, గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు అడగడం వేరు. రెండోదానికి జీతమిచ్చే మనుషుల్ని పెట్టకుండా, అక్కడ ఒక పిచ్చివాడు పుట్టే దాకా ఆగి, వాడు పోయాక దండ వేయడం మన పద్ధతి. వాడి కష్టాన్ని పొగిడే కొద్దీ, ఆ కష్టం అలాంటివాళ్లే పడాలనే మాట గట్టిపడుతుంది. మిషను మీద నడుం వంచి ఆ ఇంటిని మోసిన ఆవిడ మాట ఏ సంతాప సందేశంలోనూ లేదు.

మా బ్యాచ్ ఒక స్మారక పురస్కారం పెడదామంటోంది. ఏటా ఒక సేవామూర్తికి శాలువా, జ్ఞాపిక. నేను వద్దన్నాను. వైతికుప్పం నుంచి సోలైనగర్ దాకా ఈ కాగితాల పని తెలిసిన అమ్మాయి ఒకతె ఉంది, వాడి దగ్గర నేర్చుకున్నదే. ప్రస్తుతం చేపల ఎగుమతి కంపెనీలో లెక్కలు రాస్తోంది. అక్కడ ఎంతిస్తున్నారో అంత జీతం, బస్సు ఛార్జీలు, ఏడాదికోసారి పెంపుతో సహా, మనందరం కలిసి నెలనెలా ఇద్దాం, ప్రభుత్వం ఆ పోస్టు వేసేదాకా అన్నాను. కొందరు సరేనన్నారు. ఒకరిద్దరు నెలవారీ అంటే కష్టం, ఒకేసారి అయితే ఎంతైనా ఇస్తామన్నారు. మిగతావాళ్లు జ్ఞాపిక మీద వాడి ఫొటో ఏది వేయాలో ఇంకా తేల్చుకోలేదు.