జాడీలో బూజు, సముద్రంలో బూజు

మొన్నటి వానలకు మా మాగాయ జాడీలో పైన తెల్లగా బూజు పట్టింది. మా ఆవిడ అంతా పారబోస్తుంటే మనవరాలు, "తాతయ్యా, ఈ బూజు వల్ల ఎవరికైనా లాభముందా?" అని అడిగింది. ఆ ప్రశ్నే ఈసారి నా శీర్షికకు సరుకైంది.

మాంసం త్వరగా మెత్తబడాలంటే పచ్చిబొప్పాయి ముక్క వేయడం మనవాళ్ళకు తెలిసిందే. ఆ కాయలోని ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. బూజులు కూడా ఇటువంటి ఎంజైములను తయారుచేస్తాయి. సబ్బుపొడుల్లో నెత్తుటి మరకలు పోగొట్టేవీ ఈ తరహావే.

గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన చంద్రలతా రఘుకుమార్ గారూ, సహచరులూ హిందూ మహాసముద్రంలో సుమారు 5,000 మీటర్ల లోతు నుంచి తెచ్చిన బురదలోని బూజులను పెంచి చూశారు. అక్కడ వెలుతురుండదు, ఎముకలు కొరికే చలి, గాలి ఒత్తిడికి దాదాపు 500 రెట్ల ఒత్తిడి. వాటిలో ఆస్పర్జిల్లస్ ఉస్టస్ అనే బూజు ఇచ్చే ఎంజైము క్షారంలో చక్కగా, చన్నీళ్ళలో కూడా కొంత పనిచేస్తుందని 2006లో ప్రకటించారు. సబ్బునీళ్ళు క్షారమే కదా! నీళ్ళు కాచే పని తప్పితే ఖర్చు కలిసివస్తుంది.

నాకు మాత్రం ఇది చదవగానే పల్లావరంలో గడిచిన చిన్నతనం గుర్తొచ్చింది. మా వీధి చివర ఒక తోళ్ళ కార్ఖానా ఉండేది. వెంట్రుకలు ఊడడానికి తోళ్ళకు సున్నం, సోడియం సల్ఫైడు పట్టించేవారు. వీధంతా కుళ్ళిన గుడ్ల వాసన. అక్కడ పనిచేసే పక్కింటాయనను మేము మామయ్యా అని పిలిచేవాళ్ళం. చేతులు పగిలిపోయి, పులుసు తగిలితే భగ్గున మండేవి. అందుకని మా ఇంట భోజనానికి కూర్చున్నా చెంచాతోనే తినేవాడు.

మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు సల్ఫైడు లేకుండానే వెంట్రుకల కుదుళ్ళను వదులు చేయగలవు. 1948లో అడయారులో వెలసిన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఇటువంటి పద్ధతులపై ఎంతో కృషి చేసింది. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుంచి 1971 దాకా దాని డైరెక్టరు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో ఆయనను పోగొట్టుకున్నాం.

పరిశోధనశాల నుంచి కార్ఖానాకు దారి పొడుగు. ఎంజైము చవకగా, టన్నులకొద్దీ తయారుకావాలి. మామయ్య ఇప్పుడు లేడు. ఆ పనిలో ఉన్న మరొకరైనా చెంచా లేకుండా పులుసన్నం కలుపుకోగలిగితే అంతకంటే లాభమేముంది?

మనవరాలికి అదే చెప్పాను. "లాభముందమ్మా, కానీ ఆ మాగాయ జోలికి మాత్రం వెళ్ళకు!"