మారే విలువకు చోటెక్కడ?

ఒకప్పుడు సంస్థకు కొత్త కంప్యూటరు కావలసివస్తే కొనితెచ్చి, గదిలో నిలిపి, తీగలు కలిపేవారు. నేడు ఎన్నో సంస్థలు దూరాన ఉన్న డేటా కేంద్రాలలోని యంత్రాలను అద్దెకు వాడుకుంటున్నాయి. అమెజాన్ సంస్థ ఇట్టి కేంద్రాల సముదాయాన్ని 2016లో ముంబాయిలోను, 2022లో హైదరాబాదులోను ప్రారంభించింది. ఏ యంత్రాలు కావాలో, సమాచారం ఎక్కడ నిలవ చేయాలో ఒక పత్రంలో వ్రాసి ఇస్తే, దానిని చదివి నిర్మాణమంతా తానే సాగించే సాధనాలు ఉన్నాయి. వాటిలో పేరెన్నికగన్నది టెర్రాఫార్మ్. హాషికార్ప్ సంస్థ దీనిని 2014లో విడుదల చేసింది.

ఈ నిర్మాణ పత్రంలో సందర్భాన్నిబట్టి మారే అంశాలకు 'వేరియబుల్' అనే ఏర్పాటు ఉంది. దరఖాస్తు ఫారంలోని ఖాళీ గడి వంటిది ఇది. గడిని ఎవరూ నింపకపోతే వాడుకోవలసిన విలువను ముందే వ్రాసి ఉంచవచ్చు. దానినే డిఫాల్ట్ విలువ అంటారు. కొత్తగా నేర్చేవారికి తొలి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. 'అంగడి' అనే పథకం పేరు ఒక గడిలో, 'పరీక్ష' అనే దశ పేరు మరొక గడిలో ఉన్నాయనుకుందాం. ఈ రెంటినీ కలిపిన పేరును మూడవ గడికి డిఫాల్టుగా పెట్టబోతే టెర్రాఫార్మ్ ఒప్పుకోదు. ఒక గడి మరొక గడిని చూడరాదు. అక్కడ లెక్కలు కట్టరాదు.

ఈ పట్టుదలకు అర్థం ఉంది. వేరియబుల్ అనేది బయటినుండి వచ్చే విలువకు ద్వారం. ఆదేశంతో పాటు గాని, వేరొక ఫైలు ద్వారా గాని ఆ విలువ రావచ్చు. లోపలి లెక్క మొదలయ్యేనాటికి అది సిద్ధంగా చేతిలో ఉండాలి. లెక్కగట్టి కూర్చుకోవలసిన విలువలకు 'లోకల్' అనే వేరే ఏర్పాటు 2017లో వచ్చింది. అందులో గడుల విలువలను కలపవచ్చు, షరతులు పెట్టవచ్చు. పేరును వాడుకరి ఇచ్చినా ఇవ్వకున్నా పని సాగాలంటే, గడి డిఫాల్టును 'నల్', అనగా శూన్యం, చేసి, "ఇస్తే అదే, ఇవ్వకుంటే కూర్చిన పేరు" అని లోకల్‌లో వ్రాస్తే చాలు.

అయితే లోకల్ ఇచ్చే స్వేచ్ఛలో ఒక ప్రమాదం పొంచి ఉంది. పేరులో నేటి తేదీ, సమయం ఉంటే బాగుంటుందని కొందరికి తోస్తుంది. సమయం తెలిపే ఫంక్షన్ ప్రతిసారీ కొత్త విలువనే ఇస్తుంది. కనుక నడిపిన ప్రతిసారీ పేరు మారుతుంది. కొన్ని వనరులకు పేరు మార్చడం సాధ్యం కాదు. పాతదానిని తొలగించి కొత్తది కట్టడమొక్కటే దారి. అది ఖాతాదారుల వివరాలున్న డేటాబేసే అయితే, వేరే ప్రతి లేనిపక్షంలో సంవత్సరాల సమాచారం నిమిషాలలో మాయమవుతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. తొలిసారి సమయాన్ని నమోదు చేసుకొని, ఆపై దానినే అందించే 'టైమ్ స్టాటిక్' అనే వనరు ఉంది. ముఖ్యమైన వాటికి 'ప్రివెంట్ డెస్ట్రాయ్' అనే కాపలా పెడితే, తొలగించే ప్రణాళికను సాధనమే ఆపివేస్తుంది. కాని ఆ వనరు వివరాలనే పత్రంనుండి తీసివేస్తే, వాటితోపాటు కాపలా కూడా పోతుంది.

అన్నిటికంటె నమ్మదగిన కాపలా చదివే కన్ను. పని మొదలుపెట్టే ముందు టెర్రాఫార్మ్ తన ప్రణాళికను చూపి, చివర మూడు అంకెలు వేస్తుంది: చేర్చేవి ఎన్ని, మార్చేవి ఎన్ని, తొలగించేవి ఎన్ని. ఆ తరువాతే అనుమతి కోరుతుంది. మూడవ అంకె సున్నా కానప్పుడు, కారణం తెలిసేదాకా 'ఎస్' అని టైపు చేయకుండా ఆగడమే మేలు.