ఎనిమిది దేశాలు, పది రోజులు, ఒక్క డ్రైవరు

యూరప్‌లో కారేసుకుని తిరగటానికి మనవాళ్ళు వేసుకునే ప్లాన్లు ఇప్పటికి ఓ పాతిక చూసుంటాను. అన్నీ ఎక్సెల్ షీట్లే. ఎడమపక్క తేదీ, దాని పక్కన దేశం, ఆ పక్కన "చూడవలసినవి", చివర్న కిలోమీటర్లు. అన్నిటికన్నా కింద, పసుపురంగులో, మొత్తం దేశాలు ఎన్నో. ఆ పసుపు గడి కోసమే మిగతా షీటంతా అని నా అనుమానం.

సెప్టెంబరులో అమ్మానాన్నా, అక్కా బావా ఇక్కడికి (అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌కి) వస్తున్నారని ఖాయమవ్వగానే బావ కూడా ఒక షీటు పంపించాడు. జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా, దారిలో తగులుతుంది కదా అని లీక్టెన్‌స్టైన్. ఎనిమిది దేశాలు, పది రోజులు. నేను దూరాలు కూడితే మూడు వేల కిలోమీటర్లు దాటింది.

ఆటోబాన్‌లో వేగపరిమితి ఉండదు కదా అంటారు. కొన్నిచోట్ల ఉండదు, నిజమే. కానీ ఫ్రాన్స్‌లో 130, స్విట్జర్లాండ్‌లో 120. రోడ్డు పనులూ, ట్రాఫిక్కూ, టాయిలెట్టూ, కాఫీ అన్నీ కలుపుకుంటే సగటు గంటకి 75 పడితే గొప్ప. అంటే 40 గంటలు కారులోనే. కారు కదలని రోజులు తీసేస్తే, కదిలిన ప్రతిరోజూ ఆరేడు గంటలు. మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు. జంక్షన్ నుంచి హైదరాబాదు వెళ్ళి బస్సు దిగితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన మామూలు మనిషి కాడు. అలాంటిది పది రోజులు వరసగా! ఇక డ్రైవింగు. బావ ఆర్టీయే ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకుంటే ఇక్కడ నడపొచ్చు, ఏడాది చెల్లుతుంది కూడా. కానీ జీవితమంతా రోడ్డుకి ఎడమపక్క నడిపిన మనిషిని ఆల్ప్స్ కొండల్లో కుడిపక్కకి మార్చి, వెనక సీట్లో అమ్మని కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు.

అసలు ఈ దేశాల లెక్కే నాకు అర్థం కాదు. మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసేచోటు. 2001లో వచ్చిన సినిమా పుణ్యమా అని పేరు తెలియని తెలుగువాడు లేడు. కృష్ణా, ఏలూరు జిల్లాల సరిహద్దు మా దగ్గరే. 2022 ఏప్రిల్లో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. అప్పట్నుంచీ మా నాన్న తోటకి వెళ్ళొచ్చినప్పుడల్లా జిల్లా దాటి వస్తున్నట్టే. ఆయనెప్పుడూ "ఇవాళ రెండు జిల్లాలు చూశాను" అనలేదు :)

షెంగెన్ దేశాల మధ్య సరిహద్దు కూడా కారులో వెళ్ళేవాడికి దాదాపు అంతే. అప్పుడప్పుడూ పోలీసులు ఆపి పాస్‌పోర్టులు చూస్తారు గానీ, చాలాసార్లు ఒక నీలం బోర్డు, ఫోన్‌కి ఒక మెసేజీ. 2023లో క్రొయేషియా, 2025 జనవరి నుంచి రోడ్డు మార్గాన కూడా బల్గేరియా, రొమేనియా కలిశాక మొత్తం 29 దేశాలు. బోర్డులు లెక్కపెట్టటమే యాత్ర అయితే ఎనిమిది దగ్గర ఆగటం దేనికి?

ఇంకో సంగతి. జంక్షన్‌కి బైపాస్ వచ్చాక ఆగకుండా పోయేవాళ్ళంతా దానిమీదే పోతున్నారు. మా ఊరు చూశారా అని వాళ్ళని అడగండి. బోర్డు చూశామంటారు. ఎనిమిది దేశాల ప్లానులో యూరప్ అంతా అలాంటి బైపాసే. ఏ దేశంలో అయినా అదే పెట్రోలు బంకు, అదే ప్లాస్టిక్ డబ్బాలో శాండ్‌విచ్, అవే లారీలు. సాయంత్రం ఏడింటికి ఊరు చేరి, పార్కింగ్ వెతుక్కుని, చర్చి ముందు ఒక ఫోటో. పొద్దున్నే మళ్ళీ డిక్కీలో సూట్‌కేసులు.

నా ప్రతిపాదన ఇది. ఎన్ని దేశాలు అని కాకుండా, వచ్చేవాళ్ళు దేని ముందు గంటసేపు నిలబడతారు అని అడుగుదాం. నాన్న మామిడి రైతు. గాలివానకి పిందె రాలిపోవటం, కోతకి కూలీలు దొరక్కపోవటం, మార్కెట్లో ధర పడిపోవటం ఆయన బతుకు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడూ చుట్టూ ఉన్న కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మైళ్ళకొద్దీ ఆపిల్ తోటలు. మనిషి ఎత్తు దాటితే కాస్త, వరసగా తీగలకి కట్టిన చెట్లు, వడగళ్ళు పడకుండా పైన వలలు. సెప్టెంబరులో కోత. ఆయన్ని అక్కడ వదిలిపెడితే ఈఫిల్ టవర్ సంగతి ఎత్తరు. సరస్సు ఒడ్డున ఒకే ఇల్లు ఐదు రాత్రులు అద్దెకి తీసుకుంటే లిండావ్ నుంచి ఆస్ట్రియాలోని బ్రెగెంట్స్ పది కిలోమీటర్లు. కారుతో సహా పడవెక్కి పావుగంటలో మేర్స్‌బుర్గ్ నుంచి కాన్‌స్టన్స్ ఊరికి దాటొచ్చు. రైన్ జలపాతం పొద్దున వెళ్ళి భోజనాలవేళకి తిరిగి రావచ్చు. బావ లీక్టెన్‌స్టైన్ కూడా గంట ప్రయాణమే, పాపం.

దానికి ముందు మోజెల్ నది ఒడ్డున మూడు రాత్రులు. అదీ ద్రాక్ష కోతల కాలమే. అక్కడే లక్సెంబర్గ్‌లో షెంగెన్ అనే చిన్న పల్లె ఉంది. లక్సెంబర్గ్, ఫ్రాన్స్, జర్మనీ కలిసేచోటు, చుట్టూ ద్రాక్షతోటలు. 1985 జూన్ 14న ఐదు దేశాలవాళ్ళు ఆ ఊరి దగ్గర నదిలో పడవ మీద కూర్చుని, సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు పెట్టారు. అమల్లోకి రావటానికి 1995 మార్చి దాకా పట్టింది. మన వీసా మీద ఉండే పేరు ఆ పల్లెదే. నాకైతే అది ద్రాక్షతోటల మధ్య ఉన్న హనుమాన్ జంక్షన్.

రెండు మజిలీలకీ కలిపి 1,300 కిలోమీటర్లు మించదు. స్విట్జర్లాండ్ మోటార్‌వే ఎక్కితే 40 ఫ్రాంకుల స్టిక్కరు కొనాలి. ఒక్కరోజు వెళ్ళినా ఏడాదికి కట్టాల్సిందే, మళ్ళీ ఆ షీటులో ఈ ఖర్చు లేదు. ఇటలీలో పాత పేటల్లోకి తెలియక కారు పోనిస్తే కెమెరా పట్టేస్తుంది, కొన్ని నెలల తర్వాత అద్దెకారు కంపెనీ ద్వారా జరిమానా వస్తుంది. అదీ లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. తిరిగెళ్ళాక ఊళ్ళో అందరూ అడిగేది "ఎన్ని దేశాలు చూశారు?" అనే. ఆ ప్రశ్నకి అమ్మ దగ్గర జవాబు ఉండాలి, అది చిన్న విషయమేమీ కాదు. ఆవిడకి పారిస్ చూడాలని ఉంది. చూపిస్తాను, రైల్లో. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నాలుగు గంటలు, పార్కింగ్ గొడవ లేదు, నాన్న నడవాలనుకుంటే పెట్టెలో అటూ ఇటూ నడవొచ్చు. మామూలు ప్లానుకన్నా రెండు రోజులు ఎక్కువ పడుతుంది, నా సెలవులు అయిపోతాయి. అయిపోనీ.

సామాను గురించి అమ్మకి ముందే చెప్పేశాను. ఆవకాయ తేవచ్చు, నెయ్యి తేకూడదు. పాలపదార్థాలు, మాంసం బయటిదేశాల నుంచి సామాన్లో రానివ్వరు. సెప్టెంబరుకి రసాలు ఎలాగూ ఉండవు గానీ, ఉన్నా సర్టిఫికెట్ లేకుండా తేవటానికి లేదు. పండుఈగ దొరికిందని 2014 మేలో మన మామిడిని యూరప్‌లోకే రానివ్వకుండా ఆపేసి, 2015 జనవరిలో గానీ ఎత్తెయ్యలేదు. మనుషులకి కనిపించని సరిహద్దు మామిడికి ఉంది మరి. వంటిల్లు ఉన్న ఇళ్ళే చూస్తున్నాను, రైస్ కుక్కర్ నా దగ్గరుంది.

బావ మాత్రం వెనిస్ వదలటం లేదు. అక్కడ కారు ఊరి బయటే పెట్టెయ్యాలని చెప్పినా వినడు. నిన్న నాన్న ఫోన్ తీసుకుని, ఆ ఆపిల్ తోటల్లో వలకి ఎకరానికి ఎంతవుతుందో కనుక్కోమన్నారు. కనుక్కుంటున్నాను.